మొన లేని గాలం

నా ఉద్యోగమేమిటో చెబితే మా కైకలూరు వాళ్ళకి ఇప్పటికీ నవ్వే. చేపల చెరువులు, ఐసు పెట్టెలు, తెల్లారేసరికి బయల్దేరే లారీలు, వీటి మధ్య పుట్టి పెరిగినదాన్ని. అలాంటిదాన్ని జర్మనీ వెళ్ళి, నడుంలోతు చన్నీళ్ళలో నిలబడి, పూటంతా కష్టపడి ఒక్క చేపని పట్టడమెలాగో జనానికి నేర్పి రిటైరయ్యాను. "ఒక్కటా? దానికోసం మళ్ళీ ఒక మనిషిని కూడా పెట్టుకుంటారా? వాళ్ళకేమన్నా పిచ్చా?" అని మా అన్నయ్య ఫోన్లో అడిగేవాడు. పిచ్చేలే అన్నయ్యా, కాకపోతే ఎవరికీ చెడు చెయ్యని పిచ్చి అనేదాన్ని.

ఈమధ్య ఇక్కడి కెమ్నిట్జ్ ఊళ్ళో చదువుకున్న మన పిల్లలు కొందరు ఈ గైడు పనిలోకి వస్తామని నన్ను సలహా అడిగారు. గాలం కట్టిన రాడ్ ఎలా విసరాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి, లైసెన్సు పరీక్షకి పుస్తకాలున్నాయి. వాటి సంగతి నేనెత్తను. అందులో లేనిది చెబుతాను. మీ దగ్గరకి వచ్చేవాళ్ళు చేప కోసం వచ్చామంటారు. నమ్మండి, కానీ అంతటితో వదిలెయ్యకండి.

నది గురించి కాస్త

నేను పనిచేసింది సాక్సనీ పడమటి కొండల్లోంచి దిగే ముల్డె నది మీద. కింద ఊళ్ళ దగ్గరికి వచ్చేసరికి అది పెద్ద నది. మా భాగం ఎగువన, రాళ్ళ మధ్య, టీ డికాక్షన్ రంగులో పారే నీళ్ళు. మేం పట్టే చేప ట్రౌట్, దానికి చల్లటి నీళ్ళే కావాలి. మే నెలలో సీజను తెరుస్తారు, సెప్టెంబరు ఆఖరికి మూసేస్తారు. ఆ తర్వాత అవి గుడ్లు పెట్టుకునే కాలం, వాటి జోలికి వెళ్ళకూడదు.

ఇక్కడ ఎర అంటే వానపాము కాదు. ఈకలూ దారమూ చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగు, దాని పొట్ట కింద చిన్న గాలం. దాన్ని ఫ్లై అంటారు. నీటిమీద అది నిజం పురుగులా వాలాలి. ట్రౌట్ పైకొచ్చి నోట కరుచుకున్న క్షణంలో రాడ్ ఎత్తితే గాలం మొన దవడకి దిగుతుంది. ఏమాత్రం ఆలస్యమైనా చేప ఉమ్మేసి పోతుంది. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి కొందరికి ఏళ్ళు పడుతుంది.

గుంటర్

మా ఆయన ఉద్యోగం వల్ల నేనీ దేశం వచ్చాను. ఊళ్ళో ఫిషరీస్ డిప్లొమా చేసి ఉన్నాను కాబట్టి మొదట చేపపిల్లల్ని పెంచే తొట్ల దగ్గర పని దొరికింది. అక్కడినుంచి నన్ను నదిలోకి లాక్కొచ్చినవాడు గుంటర్. ఆ భాగంలో చేపలు పట్టించే హక్కు అద్దెకు తీసుకున్న మనిషి. నోరు విప్పితే పుల్లవిరుపు మాటలే. కస్టమరు గొప్పలు చెప్పుకుంటే చుట్ట వెలిగించుకుని అటు తిరిగి నిలబడేవాడు. వ్యాపారం చెయ్యడం ఆయనకి బొత్తిగా చేతకాదని నా నిశ్చితాభిప్రాయం. పని నేర్పడంలో మాత్రం అంతటివాణ్ణి చూడలేదు.

ఆయన చెప్పినవి రెండే. ఒకటి, అడగనిదే కస్టమరు రాడ్ ముట్టుకోకు, వాళ్ళ ఫ్లైలుండే పెట్టె తెరవకు. నాకంటే ముందు చేరిన గైడు ఒకతను జాలిపడి ఒక టీచరమ్మ చేతిలో రాడ్ తీసుకుని, చేపని తగిలించి, మళ్ళీ ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ థాంక్స్ చెప్పి వెళ్ళింది, మరి రాలేదు. "ఆవిడ చేపని నువ్వు తినేశావు" అన్నాడు గుంటర్.

రెండోది, పట్టినవాళ్ళే చంపాలి. ఇది వినగానే మనవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. జర్మనీలో సరదాకి చేపని పట్టి, ఫొటో దిగి, వదిలెయ్యడం ఒప్పుకోరు. చిన్నదైతే తడిచేత్తో నీళ్ళలో వదలాలి. కొలతకి వచ్చిందా, తినడానికి తీసుకోవాలి. తినే ఉద్దేశం లేనప్పుడు ఆ ప్రాణిని బాధపెట్టడానికి నీకు హక్కెక్కడిది అంటారు. చిన్న కర్రతో తలమీద ఒక్క దెబ్బ, వెంటనే కత్తి. తడబడకూడదు. ఒక పళ్ళ డాక్టరు చేపని ఎత్తి పట్టుకుని, "ఒక ఫొటో తీసి వదిలేద్దాం" అన్నాడు. "వదిలేది లేదు, ఇంటికి పట్టుకెళ్ళి వండుకోండి" అన్నాను. పాపం, చేపని శుభ్రం చెయ్యడం రాక తడి గుడ్డలో చుట్టి వాళ్ళత్తగారింటికి పట్టుకెళ్ళాడట.

మొదట్లో నాకూ ఇదేం చాదస్తం అనిపించేది. తర్వాత తర్వాత నచ్చింది. మా చెరువుల దగ్గర లారీడు చేపల్ని చూసి పెరిగాను, ఒక్క చేప కళ్ళలోకి చూసింది మాత్రం ఇక్కడే.

శ్రీనివాస్, హంసిని

రిటైరయ్యేముందు సీజనులో జరిగింది ఇది. సెప్టెంబరు మొదట్లో ఒకాయన ఫోన్ చేశాడు. పేరు శ్రీనివాస్, ఊరు హనుమకొండ, కెమ్నిట్జ్‌లో ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు.

"మేడమ్, మా బిడ్డకు బర్త్‌డే గిఫ్ట్. ఏం గావాలె అంటే గిదొక్కటే అడిగింది. పిల్లల లైసెన్స్ గూడ తెచ్చుకున్నది. మాది గుడ్డు గూడ ముట్టని ఇల్లు మేడమ్. నేను ఒడ్డుకు కూసుంట. నడుస్తదా?"

"భేషుగ్గా నడుస్తుంది. కుర్చీ ఒకటి తెచ్చుకోండి" అన్నాను.

వచ్చారు. హంసినికి పద్నాలుగేళ్ళు. సన్నగా, పొడుగ్గా, పట్టుదల మొహం. తండ్రి తెలుగులో అడుగుతాడు, పిల్ల జర్మన్‌లో ముక్తసరిగా జవాబిస్తుంది. ఇక్కడ ప్రతి తెలుగింట్లో ఉన్న బాగోతమేలే అనుకున్నాను. తీరా చూస్తే నాతో చక్కటి కాకినాడ తెలుగు మాట్లాడింది. భాష రాక కాదన్నమాట, తండ్రితో మాట్లాడటం ఇష్టంలేక.

నదిలోకి దిగాక, తండ్రికి వినబడనంత దూరంలో, తనే చెప్పింది.

"మా అమ్మది కాకినాడ ఆంటీ. చేపలంటే ప్రాణం. పెళ్ళయ్యాక నాన్న కోసం మానేసింది. రెండేళ్ళ కిందట హాస్పిటల్లో ఉన్నప్పుడు ఒక్కసారి అడిగింది, చేప తినాలనుందని. నాన్న బాగయ్యాక చూద్దాం అన్నాడు." రాడ్ దారం, అదే లైను, సర్దుకుంది. "బాగవ్వలేదు."

లైను ఒకసారి విసిరి, మళ్ళీ మొదలుపెట్టింది.

"నేనే పడతా. నేనే చంపి, నేనే తింటా. తర్వాత ఇంటర్నాట్‌కి వెళ్ళిపోతా. లైప్‌జిగ్ అవతల మంచి స్కూలుంది, హాస్టల్ కూడా అక్కడే. నాన్న ఒప్పుకోవాలి, అంతే."

ఒడ్డున తండ్రి కుర్చీలో నదికి వీపుపెట్టి కూర్చుని ఉన్నాడు. పిల్ల చెప్పినదాంట్లో ఆయనకి తెలియనిది ఏమీ లేదని ఆ వీపు చూస్తేనే తెలుస్తోంది.

ఆ రోజు చేప పడలేదు. మొదటి రోజు పడకపోవడం మామూలే. కానీ ఆ పిల్ల విసరడం చూసి ఆశ్చర్యపోయాను. ఫ్లై వాలితే నీళ్ళు కదలవు. రెండుసార్లు ట్రౌట్ పైకొచ్చి అందుకుంది, రెండుసార్లూ పిల్ల సరిగ్గా సమయానికే రాడ్ ఎత్తింది. రెండుసార్లూ జారిపోయింది. దురదృష్టం అనుకున్నాను.

పెట్టె తెరిచాను

పది రోజుల తర్వాత మళ్ళీ వచ్చారు. మళ్ళీ అదే తంతు. చేపలు లేస్తాయి, అందుకుంటాయి, తగలవు. నాలుగోది పోయేసరికి పిల్ల రాడ్ ఒడ్డున పడేసి ఆల్డర్ చెట్ల వెనక్కి వెళ్ళింది. వెక్కిళ్ళు వినబడ్డాయి.

ఇన్నేళ్ళ పనిలో చెయ్యి ఇంత బాగుండి చేప ఇలా జారిపోవడం నేను చూడలేదు. గుంటర్ రూలు మంచిదే, కాదనను. కానీ ఏ రూలైనా పిల్ల ఏడుపు వినబడేంతవరకే. పడేసిన రాడ్ అందుకుని, ఫ్లైని బొటనవేలి గోరుమీద గీసి చూశాను. పదునున్న గాలమైతే గోరుకి పట్టుకుంటుంది. ఇది నున్నగా జారింది. కళ్ళజోడు పెట్టుకుని చూద్దును కదా, మొన లేదు. పురుగు, ఈకలు, వంపు, అన్నీ ఉన్నాయి, చివర మాత్రం శుభ్రంగా కత్తిరించి ఉంది. పెట్టె తెరిచాను. అన్నీ అంతే. ఒక్కదానికీ మొన లేదు.

కంపెనీ తప్పు ఇంత నీటుగా ఉండదు. తలెత్తి చూస్తే శ్రీనివాస్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మొహం పాలిపోయింది.

"మీరేనా?" అన్నాను.

"వైర్ కట్టర్ తోని, మేడమ్. బిడ్డ బడికి పోయినంక."

నాకు ఒళ్ళు మండింది. "అయ్యా, మీకు బుద్ధుందా? ఆ పిల్ల తనకి చేతకాదని అక్కడ కూర్చుని ఏడుస్తోంది!"

"తెలుసు మేడమ్." ఆయన మొన లేని ఫ్లై ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "మా ఆమె అడిగినప్పుడు మంచిగైనంక తెస్త అన్న. మంచిగ కాలే. అప్పటి సంది ఏ పాపం ఎటు తిరిగి ఎవలకు తగుల్తదో అని ఒకటే భయం. ఈ పిల్ల చేతుల ఒక ప్రాణం పోతే, ఆ పాపం దీన్ని పట్టుకుంటే నేనేం జేయాలె? నాకు ఒక్కతే బిడ్డ. వద్దంటే ఇంకా దూరమైతది. అందుకే గిట్ల జేసిన."

నేను క్రైస్తవురాలిని. పాపం, పుణ్యం మా ఇంట్లో వేరే లెక్క. కానీ భయం ఎవరింట్లోనైనా ఒకటే. నా కోపమంతా ఎటు పోయిందో పోయింది. ఆ పిల్ల చేతికి మరక అంటకూడదని, ఎవరూ లేనప్పుడు కూర్చుని ఒక్కో గాలం మొనా కత్తిరించిన మనిషిని ఏమని తిట్టను?

"నేను చెప్పను. మీరే చెప్పాలి" అన్నాను.

"చెప్తే మొత్తానికే పోతది మేడమ్."

"చెప్పకపోయినా పోయేలాగే ఉంది. సీజను ఆఖరి రోజుకి రండి. ఆలోపు చెప్పండి."

ఆఖరి రోజు

వచ్చారు. ఆయన మొహం చూడగానే చెప్పలేదని అర్థమైంది. హంసిని నడుం దాకా నీళ్ళలోకి దిగి, పెట్టె తెరిచి ఫ్లై ఏరుకుంటోంది. ఏం చెయ్యాలా అని నేను కొట్టుమిట్టాడుతున్నాను. ఇంతలో వెనకాల నీళ్ళు చప్పుడయ్యాయి. శ్రీనివాస్! రబ్బరు బూట్లు కూడా లేవు, ఆఫీసు ప్యాంటుతో, చెప్పులతో ముల్డెలోకి దిగిపోయాడు. సెప్టెంబరు ఆఖరు నీళ్ళు ఎముకలు కొరుకుతాయి.

"హంసినీ, అవి కట్టకు బిడ్డా. వాటికి మొనల్లేవు. నేనే కట్ చేసిన."

పిల్లకి ముందు అర్థం కాలేదు. ఒక ఫ్లై తీసి వేలికి గుచ్చుకుని చూసింది. ఇంకోటి. ఇంకోటి. తర్వాత జర్మన్‌లో విరుచుకుపడింది. ఇన్ని రోజులూ నన్ను పిచ్చిదాన్ని చేశావు, నాకేమీ రాదనుకున్నాను, అమ్మకి తేలేదు, ఇప్పుడు నాకూ తిననివ్వవు, నేను వెళ్ళిపోతున్నాను, ఇక నిన్ను అడగను కూడా అడగను. ఆయనకి ప్రతి ముక్కా అర్థమైంది. చేతులు వేలాడేసుకుని అలాగే నిలబడ్డాడు.

కొత్తగా వచ్చేవాళ్ళకి ఇది చెప్పాలి. మీ ముందు ఒక కుటుంబం ఇలా నిలువునా చీలిపోతే నీతులు చెప్పకండి. మీ పని మీరు చెయ్యండి. నేను నా పెట్టెలోంచి మొన ఉన్న ఫ్లై తీసి పిల్ల చేతిలో పెట్టాను. "అదిగో, ఆ నల్లరాయి వెనకాల ఒకటి లేస్తోంది. ముక్కు తుడుచుకుని చూడు" అన్నాను.

మొదట కోపంతో విసిరింది, లైను చిందరవందరగా పడింది. రెండోసారీ అంతే. తర్వాత శ్వాస నెమ్మదించింది. ఫ్లై రాయి పక్కన మెత్తగా వాలింది. నీళ్ళు చిట్లాయి. రాడ్ వంగింది.

"ఆంటీ!"

"గుంజకు! పోనీ దాన్ని! పోనియ్యి తల్లీ, అలిసిపోతుంది!"

మంచి ట్రౌట్. ఒంటిమీద ఎర్రచుక్కలు. చేతివలలోకి వచ్చింది. చూపుకే కొలత దాటిందని తెలుస్తోంది, అయినా కొలిచాను. తీసుకోవాల్సిందే. వలని నీళ్ళలోనే ఉంచి కర్ర పిల్లకి అందించాను.

పిల్ల చెయ్యి లేవలేదు. వీడియోల్లో ఇది ఎన్నోసార్లు చూసే ఉంటుంది. కర్ర పట్టుకుని చేప వైపే చూస్తోంది. నేను చేసెయ్యొచ్చు. చాలామంది గైడులు చేసేస్తారు. ఈ చేప ఎవరి కోసమో తెలిసినదాన్ని కాబట్టి నా చెయ్యి కూడా రాలేదు.

శ్రీనివాస్ రాళ్ళమీద తడబడుతూ వచ్చాడు. పిల్ల చూసి జర్మన్‌లో అంది, "అటు తిరుగు. నువ్వు చూడలేవు."

"తిరగ." ఆయన పిల్ల వెనకాల నిలబడి, కర్ర పట్టుకున్న చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. జీవితంలో ఎన్నడూ చేపని ముట్టని మనిషి రెండో చేత్తో వలలో చేపని కదలకుండా పట్టుకున్నాడు. "పాపమంత నాది బిడ్డా. నువ్వు ఒట్టిగ పట్టుకో. మీ అమ్మకు తేలే. ఇది మీ అమ్మదే అనుకుందం."

హంసిని తల అడ్డంగా ఊపింది. కళ్ళనిండా నీళ్ళు.

"కాదు నాన్నా. సగం సగం."

తెలుగులో అంది. ఇద్దరూ కలిసి కొట్టారు. ఒక్కటే దెబ్బ. తడబడలేదు. నేనెందుకు ఏడ్చానో నాకే తెలీదు, కత్తి పట్టుకున్న చేతి వెనకభాగంతో మొహం తుడుచుకున్నాను.

మా ఇంట్లో

వాళ్ళ వంటింట్లో చేప వండలేరు, నాకా సంగతి తెలుసు. మా ఇల్లు నదికి దగ్గరే. ఇద్దర్నీ లాక్కొచ్చాను. శ్రీనివాస్‌కి మా ఆయన లుంగీ ఇచ్చి హీటరు పక్కన కూర్చోబెట్టాను. ట్రౌట్ మెత్తటి చేప, పులుసు పెడితే విడిపోతుంది. గుంటర్ అయితే వెన్నలో వేయించి తీరాలని ఇల్లు పీకి పందిరేసేవాడు. కానీ కాకినాడ ఆవిడ ఆస్పత్రి మంచం మీద అడిగింది వెన్నలో వేయించిన చేపనా? వెడల్పు గిన్నెలో చింతపండు పులుసు మరిగించి, ముక్కలు వేశాక గరిటె పెట్టకుండా గిన్నెనే తిప్పుతూ ఉడికించాను.

శ్రీనివాస్‌కి వేరే పళ్ళెంలో పెరుగన్నం, నిమ్మకాయ పచ్చడి పెట్టాను. హంసినికి వేడన్నంలో పులుసు పోసి ముక్క వేశాను. స్కూల్లో ఫిష్ స్టిక్స్ తప్ప అసలైన చేప ఆ పిల్ల ఎప్పుడూ తినలేదట. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. రెండో ముద్దకి ముల్లు గుచ్చుకుని దగ్గింది.

శ్రీనివాస్ ఉలిక్కిపడి తన పళ్ళెం పక్కకి నెట్టేశాడు. "ఆగు ఆగు! మింగకు బిడ్డా! ఉమ్మెయ్! మేడమ్, ఇవి ఎట్ల తీస్తరు?"

"మధ్య ముల్లు ముందు లాగండి. తర్వాత పక్కవి వేలితో తడిమి చూడండి" అన్నాను.

కూతురి ముక్కని దగ్గరికి లాక్కున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టని వేళ్ళు. మొదట వేలి కొసలతో అంటీ అంటనట్టు, తర్వాత మొత్తం చెయ్యి పెట్టేశాడు. ఒక్కో ముల్లూ తీసి పళ్ళెం అంచున పెట్టి, తీసినచోట మళ్ళీ తడిమి, దీపం వైపు ఎత్తి చూసి, అప్పుడు పిల్ల అన్నంలో పెడుతున్నాడు. హంసిని తింటోంది. పిల్ల తండ్రి చేతివైపే చూస్తూ తిన్నంతసేపు తిని, ఆగింది.

"నాన్నా, నేను ఇంటర్నాట్‌కి వెళ్తే అక్కడ నాకు ముళ్ళెవరు తీసిపెడతారు?"

శ్రీనివాస్ తలెత్తలేదు. ఎత్తితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. గిన్నెలోంచి ఇంకో ముక్క తీసి, సగం తిన్న తన పెరుగన్నం పళ్ళెంలోనే పెట్టుకుని, మధ్య ముల్లు వెతకడం మొదలుపెట్టాడు.